ఇంటి సూది

తెలుగు భాషలో కుట్టు అను క్రియకు గల వ్యాప్తిని తలచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగుచుండును. తేలు కుట్టును, తేనెటీగ కుట్టును. కంసాలి పసిబిడ్డకు చెవులు కుట్టును. దర్జీ చొక్కా కుట్టును. పెండ్లివారింట పెద్ద ముత్తైదువలు పంచలో కూర్చుండి మోదుగాకుతో విస్తళ్ళు కుట్టుదురు. మల్లెల కాలము వచ్చినంతనే తల్లి కూతురికి పూలజడ కుట్టును. గుచ్చి బాధించుటయు, గుచ్చి కలుపుటయు ఈ ఒక్క మాటలోనే ఇమిడియున్నవి. ఆ మొనను కలుపుటకు వినియోగించుట తెలిసిన చేతులు మన ఇండ్లలో తరతరములుగా నున్నవి. కాని ఆ చేతులు చేసిన దానికి మనము పెట్టిన పేరు మాత్రము తీరిక వేళ పని. ఆ పేరు న్యాయమైనది కాదని నా దృఢాభిప్రాయము.

మన పల్లెటూళ్ళలో ఆడపిల్ల చేతికి మొదట అందెడి సూది ఇనుముది కాదు, చీపురుపుల్ల. విస్తరి కుట్టుట నేర్పునప్పుడు పెద్దలు పిల్లను ముందుగా ఆకును తాకి చూడుమందురు. పచ్చియాకు ముడుచుకొనిపోవును, బాగుగా ఎండినది పెళుసై చిట్లును. అందుచేత కోసిన ఆకును దండలు గుచ్చి ఆరవేసి, కుట్టుటకు ముందు నీళ్ళు చిలికి, బరువు క్రింద అణచి, మెత్తబడిన పిదపనే పుల్ల పట్టుదురు. నడుమ ఒక పెద్దయాకు నుంచి, దాని చుట్టును ఒకదాని అంచుపై నొకటి ఎక్కునట్లు తక్కిన ఆకులను పేర్చుచు, రెండాకులు కలిసిన చోట పుల్లను లోనికి గుచ్చి, మరల పైకి తీసి, మిగిలిన ముక్కను పుటుక్కున విరుచుచు పోవుదురు. పుల్ల ఆకు ఈనెలకు అడ్డముగా దూరవలెనే కాని వాని వెంబడి దూరరాదు. వెంబడి దూరెనా, ఆకు చీలును. వడ్డనలో చారు పోసినప్పుడు క్రింది నేల తడవకున్నచో పిల్లకు కుట్టు వచ్చినదని లెక్క. ఉగాదినాడు గుమ్మమునకు కట్టు మామిడి తోరణమునందును ఇదియే విద్య: ఆకు తొడిమను పురికొస మీదుగా మడిచి వెనుక పుల్ల గుచ్చినచో, ఆకు వాడినను తోరణము చెదరదు.

ఇక బొంత మాట. ఇంటి కుట్టులన్నింటిలోను దీనిని మించినది లేదని నే ననుకొందును. పట్టుచీర బొంతకు పనికిరాదు, క్రొత్త నూలుచీరయు పనికిరాదు. ఏండ్ల తరబడి చాకిరేవున ఉతుకులు తిని, గంజి అంతయు వదలి, నూలు మెత్తబడి, కట్టుకొనుటకు పలుచనై, పారవేయుటకు మనసొప్పని స్థితికి వచ్చిన చీర కావలెను. ఆరు గజముల చీరను మూడు మడతలు వేసినచో రెండు గజముల పొడవును, గజమునకు కొంచెము మించిన వెడల్పును గల మూడు పొరలు ఏర్పడును. ఇట్టివి రెండు చీరలు చేరినచో ఒక మనిషి కప్పుకొనుటకు చాలును, పరుచుకొనుటకైనచో మరి రెండు చేర్చుదురు. గట్టి అంచులను ముందే చించి తీసివేయుదురు, ఏలయన అంచును తక్కిన చీరయు ఒక్క తీరున కుదించుకొనవు. తీయకున్న బొంత మొదటి ఉతుకునకే వంకర తిరుగును.

మధ్యాహ్నపు వేళ ఎండ తగులని నడవలో నేలను తుడిచి, పొరలను ఒకదానిపై నొకటి పరచి, నాలుగు మూలలను నాలుగు బరువులుంచి, ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుండి ముడుతలను అరచేతులతో నడుమనుండి అంచులకు త్రోయుదురు. తరువాత పొడుగు పొడుగు టాకాలు వేయుదురు. ఈ టాకాలు నడుమనుండియే ఆరంభము కావలెను. అంచులనుండి ఆరంభించినచో ఉబ్బు అంతయు నడుమకు చేరి, అక్కడ తీర్చరాని గుట్టయై నిలుచును. పిదప అసలు కుట్టు. దారమును రెండు పేటలుగా పేని, మైనము రాచి, సూదికెక్కించి, కుడిచేత పైనుండి గుచ్చుచుండగా ఎడమచేయి బొంత క్రింద నుండి మొనను అందుకొని పైకి పంపును. చూపునకు గోచరింపని ఆ ఎడమచేతి చూపుడు వ్రేలే ఈ పనిలో నిజమైన కన్ను. ఎన్ని పొరలు దాటి వచ్చినదో, ఒక పొర తప్పించుకొన్నదో, ఆ వ్రేలికి తెలియును. దానికి పోటు తగులకుండ కొందరు గుడ్డపీలిక చుట్టుకొందురు. చేయి తిరిగినవారు అదియు మానివేయుదురు, అడ్డము వచ్చినచో తెలివి పోవునని.

వడ్లగింజ పొడవున ఒక్కొక్క కుట్టు, వరుసకును వరుసకును రెండు వ్రేళ్ళ ఎడము. ఇది సామాన్యముగా పెద్దల బొంతకు కొలత. దారము బిగువైనచో గుడ్డ ముడుచుకొనును, వదులైనచో ఉతుకునప్పుడు పొరలు లోలోపల జారి ఉండలు కట్టును. ఈ రెంటి నడుమ గల బిగువును మాటలతో చెప్పుట సాధ్యము కాదు, పక్కన కూర్చుండి చూచి, చేసి, విప్పి, మరల చేసి తెలిసికొనవలసినదే. బొంత వెచ్చగా నుండుటకు కారణము నూలు మాత్రమే కాదు. పొరల నడుమ చిక్కుకొని కదలక నిలిచిన గాలి మన దేహపు వేడిమిని బయటికి పోనీయదు. వరుస కుట్లు ఆ గాలిని చిన్న చిన్న అరలలో బంధించుచున్నవి. ఈ సంగతిని శాస్త్రపాఠముగా చదువని స్త్రీలు, కుట్లు మరీ దగ్గరయైన బొంత చెక్కవలె బిగిసిపోవుననియు, మరీ దూరమైనది చలి ఆపదనియు ఎరిగియే ఆ రెండు వ్రేళ్ళ ఎడమును నిశ్చయించుకొన్నారు.

పసిబిడ్డ బొంతకు న్యాయము వేరు. పొరలు తక్కువ, కుట్టు చిన్నది, ముడి ఎక్కడను పైకి కనిపింపరాదు. దారపు మొదలును పొరల నడుమ దాచి ఆరంభించి, కొసను తిరిగి పొరల నడుమనే ముగింతురు, లేత చర్మమునకు ఒరసికొనకుండ. తడిసినచో త్వరగా ఉతుకుటకును, ఒక్క యెండకు ఆరుటకును అనువుగా నుండవలెను. పుట్టిన బిడ్డను క్రొత్తగుడ్డలో గాక పాతగుడ్డ పొత్తిళ్ళలో పెట్టెడి మన ఆచారమునకు ఎన్ని నమ్మకములు చెప్పుకొన్నను, వందసార్లు ఉతికిన నూలు కంటె మెత్తనిది మరియొకటి లేదన్న అనుభవమే దాని మూలమని నాకు తోచును. కడుపుతో నున్న కూతురు పుట్టింటికి వచ్చునప్పటికి తల్లి రెండు మూడు బొంతలను సిద్ధము చేసి యుంచును. అంగడిలోని దుప్పటి ఎవ్వరికైనను సరిపోవును. ఈ బొంత ఇంకను పుట్టని ఒక్క ప్రాణి కొరకు, దాని మేని కొలతను ఊహించి, కుట్టబడినది. ఇంటి కుట్టునకును అంగడి కుట్టునకును గల భేదమంతయు ఇక్కడనే యున్నది.

ఈ విద్య మన ఒక్కరిదే కాదు. వంగదేశపు కాంథా, బీహారు సుజని, మహారాష్ట్రపు గోధడి, కన్నడదేశపు కౌది, సింధు రాజస్థానములందలి రల్లీ, ఇవి యన్నియు బొంతకు తోబుట్టువులే. సంస్కృతమున కంథ యనగా అతుకుల బొంతయే. వంగదేశమువారు ఆ కుట్టుతోనే పూవులను పక్షులను కథలను దిద్దిరి. మనవారు వరుసకుట్టుతోనే తృప్తి చెందిరి. దీనిని లోపమని నేనెంచను. చీరల రంగులే పైకి వచ్చి కూర్చుండిన మన బొంతలకు వేరొక అలంకారము అక్కరలేదు.

సూది లేని చేతిపనియు ఇంట కలదు, పండుగలు వచ్చినచో దానికే పెద్దపీట. వినాయకచవితి ముందునాటి సాయంకాలము మగపిల్లలు పాలవెల్లికి వెలగకాయలను మొక్కజొన్న పొత్తులను కట్టుచుండగా, ఇంటి పెద్దావిడ ప్రత్తిని ముందు వేసికొని వస్త్రమును యజ్ఞోపవీతమును చేయుటకు కూర్చుండును. గింజ తీసి ఏకిన ప్రత్తిని తెగకుండ సన్నగా సాగదీసి, తడిపిన పసుపు కుంకుమలు అంటిన వ్రేళ్ళతో సమానమైన ఎడములలో నొక్కుచు పోయినచో, నొక్కిన చోట సన్నమై, నొక్కని చోట బొద్దుగా నిలిచి, మొగ్గల దండవలె నగును. ప్రత్తిలోని పోగులన్నియు ఒక్క దిక్కునకు ఒరిగి యుండనిచో ఈ పని సాగదు. శ్రీకాకుళము ప్రాంతపు పొందూరులో సన్నఖద్దరు నూలు తీయువారు వాలుగచేప దవడతో ప్రత్తిని దువ్వుటయు, ఇంటిలో ముసలమ్మ గోటికొసతో దువ్వుటయు ఒక్క ప్రయోజనమునకే. కార్తిక పౌర్ణమికి వెలిగించు 365 వత్తుల కట్ట కొరకు ఆశ్వయుజమునుండియే వత్తులు చేయుట ఆరంభమగును: ఎడమ అరచేత ప్రత్తి, కుడిచేతి వ్రేళ్ళకు చిటికెడు విభూతి, ఒక్క పేనుడు. పువ్వువత్తికి అడుగు వెడల్పు, కొస సన్నము. దానంతట అదియే ప్రమిదలో నిలుచును. ధనుర్మాసమున గొబ్బెమ్మల పేడతో చిన్న చిన్న పిడకలు తట్టి, నడుమ రంధ్రము చేసి, ఎండిన పిదప దండ గుచ్చి భోగిమంటలో వేయుట పిల్లల వంతు. సూదిపట్టుటకు చాలని చిన్న చేతులకు అదియే తొలి పాఠము.

పూలజడను గూర్చి ఎంత చెప్పినను నాకు తనివి తీరదు. దీనికి మొగ్గలు కావలెను, పూలు కాదు. మధ్యాహ్నము కోసిన మల్లెమొగ్గ సాయంకాలమునకు విచ్చును గనుక, ఆ నడిమి కొద్ది గంటలలోనే జడ ముగియవలెను. జడ పొడవునకు సరిపడ అట్టను గాని అరటిదొప్పను గాని కత్తిరించి, మొగ్గలను తొడిమల దగ్గర సూదితో గుచ్చి, కొసలు బయటికి చూచునట్లు వరుసలు వరుసలుగా కుట్టి, నడుమ నడుమ కనకాంబరములను మరువమును చేర్చుదురు. ఇక్కడ కుట్టువారు కుట్టుచున్నది కనిపించెడి రూపమును కాదు. మూడు గంటల పిమ్మట మొగ్గ విచ్చినప్పుడు దాని రెక్కలు ఎంత చోటు ఆక్రమించునో లెక్కించి, ఆ చోటును ఖాళీగా విడిచి కుట్టుచున్నారు. దగ్గరగా కుట్టిన జడ సాయంకాలమునకు కిక్కిరిసి నలుగును. లెక్క తెలిసి కుట్టినది దీపాలవేళకు తెల్లగా విప్పారును. మరునాటికి వాడిపోవు వస్తువునకై ఇంత గణనము చేయు కళ మరియొకటి ఏదైనను కలదేమో నే నెరుగను.

తండాలలోని లంబాడీ స్త్రీలు తమ కాంచళికిని పేటియకును టుక్రీకిని కుట్టు అద్దములనుగూర్చి ఒక మాట చెప్పి ముందునకు సాగెదను. అద్దమునకు రంధ్రము లేదు. సూది దానిని కుట్టజాలదు. వారు అద్దముపై దారమును నిలువుగను అడ్డముగను వేసి ఒక చట్రము పన్ని, ఆ చట్రమును చుట్టును గుడ్డకు బిగించి కుట్టుదురు. కుట్టరాని దానిని కుట్టిన నేర్పు అది.

గొలుసుకుట్టు నేర్చినవారికి నరసాపురపు లేసు అల్లిక పరాయిది కాదు. రెంటను ఉన్నది ఒక్క ఉచ్చులో నుండి మరియొక ఉచ్చును లాగుటయే. లేసునకు క్రింద గుడ్డ లేదు, సూదికి మొన మారుగా చిన్న కొక్కెము ఉన్నది, అంతియే భేదము. ఏ క్షణమున చూచినను సూదిపై ప్రాణముతో నున్నది సామాన్యముగా ఒక్క ఉచ్చే. అది జారెనా, ఉదయమునుండి చేసినదంతయు దారమైపోవును. 1844 ప్రాంతమున మెక్రే అను స్కాట్లండు మిషనరీ దంపతులు ఈ పనిని నరసాపురమున నేర్పిరని చెప్పుదురు. గోదావరి డెల్టా పల్లెలలో అది అరుగు అరుగునకు ప్రాకినది. ఒకరు పూవులు అల్లుదురు, వేరొకరు వానిని కలిపి అతుకుపని చేయుదురు, పూర్తియైన బల్లగుడ్డ ఓడలెక్కి ఏ దేశపు భోజనపు బల్లపైననో పరుచుకొనును. మరియా మీస్ అను జర్మను విదుషి ఈ స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ప్రపంచపు అంగడికి సరకు తయారుచేయుచున్నను, ఇంట కూర్చుండి చేయుచున్నారన్న కారణమున వీరిని పనివారుగా కాక గృహిణులుగా ఎంచి, వీరి శ్రమను తీరిక వేళ వ్యాపకముగా పరిగణించి, అందుచేతనే కూలిని అంత తక్కువ చేసిరని ఆమె నిరూపించినది. నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినందులకు నేనును సంతోషించితిని. కాని పేరునకు వచ్చిన గౌరవము అల్లినవారి చేతికి కూలియై అందినప్పుడే నా సంతోషము పూర్తియగును. ఇంట తన బిడ్డకు కుట్టిన దానికి వెల కట్టకుండుట ప్రేమ కావచ్చును. పరుల ఇంటికి అల్లిన దానికిని అదే ప్రేమ పేరు చెప్పి వెల తగ్గించుట అన్యాయము.

మా యింట నొక బొంత కలదు. నా యెరుకలోనే దానికి మూడుసార్లు పైచీర మారినది. బొంత చిరిగినచో పారవేయక, పాతదానిని లోపల నుంచియే పైన మరియొక చీర కప్పి కుట్టుట మా యింటివారి అలవాటు. క్రిందటి సంక్రాంతికి ముందు దానిని ఎండవేయబోయి, ఒక మూల ఊడియుండగా చూచి, లోని పొరలను వ్రేలితో విప్పితిని. మా అమ్మ కట్టిన ఆకుపచ్చ చీర, దాని క్రింద అమ్మమ్మ గళ్ళ చీర కనిపించినవి. వాని క్రింద, వెలిసి వెలిసి ఏ రంగో చెప్పరాని, సాలెగూటివలె పలుచనైన మరియొక నూలుచీర. దానిపైని కుట్లు అమ్మమ్మవి కావు. ఇంకను చిన్నవి, ఇంకను దగ్గరవి, దారము చేతితో వడికినది. అమ్మను పిలిచి చూపితిని. ఆమె కండ్లద్దములు తెచ్చుకొనలేదు. చూపుడు వ్రేలిని ఆ కుట్ల వరుసపై మెల్లగా నడిపించి, ఇది ఎవరిదో తనకును తెలియదనియు, చేయి మాత్రము మనవారి చేయియే ననియు చెప్పి, సూదికి దార మెక్కించి యిమ్మని నన్నడిగి, ఆ మూలను తిరిగి కుట్టివేసినది.