వంకర ఎముక వంతు, మెలిక డాక్టరు వంతు

జారుడుబల్ల మీద చంటివాణ్ణి ఒక్కణ్ణే వదలాలంటే భయం. అందుకని నాన్న వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని తానూ జారతాడు. హైదరాబాదులోని గచ్చిబౌలి, కొండాపూర్, మణికొండ అపార్టుమెంట్ల ప్లే ఏరియాల్లో ఏ ఆదివారం సాయంత్రం చూసినా ఇదే ముచ్చట. పిల్లల ఎముకల డాక్టర్లకు మాత్రం ఇది చూస్తే గుండె గుబేలుమంటుంది. ఒంటరిగా జారే పిల్లవాడి బూటు పక్కగోడకు తట్టుకుంటే వాడూ అక్కడే ఆగుతాడు. వాడి బరువెంత కనక! నాన్న ఒళ్లో ఉన్నప్పుడు పాదం ఆగినా వెనకున్న డెబ్భై కిలోలు ఆగవు. పాదం అక్కడే ఉండిపోతుంది, మోకాలు ముందుకు పోతుంది. మధ్యనున్న ఎముక మెలిపడి ఏటవాలుగా చిట్లుతుంది.

మాల్స్‌లోని ట్రాంపొలిన్‌దీ ఇదే లెక్క. పక్కన బరువైన మనిషి గెంతాక సాగిన గుడ్డ పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడే మూడేళ్ల పిల్ల కిందికి దిగిందంటే మోకాలి కింద ఎముక నొక్కుకుపోతుంది.

మోకాలి కింది పెద్ద ఎముక, టిబియా, ఇలా మెలిపడి చిట్లడాన్ని 1964లో డన్‌బార్ అనే కెనడా రేడియాలజిస్టు, ఆయన సహచరులు వివరించారు. ‘టాడ్లర్స్ ఫ్రాక్చర్’ అన్న పేరు అప్పటినుంచి నిలిచింది. 9 నెలల నుంచి 3 ఏళ్లలోపు పిల్లల్లో కనిపిస్తుంది. దీని తమాషా ఏమిటంటే మొదటిరోజు ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనపడదు. వాపు ఉండదు, వంకర ఉండదు. పిల్లవాడు కాలు కింద పెట్టనంటాడు, అంతే. మంచి డాక్టరు ఫిల్మును పక్కన పెట్టి వేళ్లను నమ్ముతాడు. ముందు బాగున్న కాలు తడిమి, పిల్లవాడు అమ్మ ఒళ్లో కుదురుకున్నాక రెండో కాలిని పాదం నుంచి పైకి నెమ్మదిగా నొక్కుకుంటూ వస్తాడు. ఒకచోట ఏడుపు మారుతుంది. 10 నుంచి 14 రోజుల తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఎముక వెంబడి సన్నటి తెల్లగీత వస్తుంది. పగులు కనపడకపోయినా అతుకు కనపడుతుంది! మూడు నాలుగు వారాల కట్టుతో సరిపోతుంది. ఇంకా నడవని బిడ్డకు తొడ ఎముక విరిగితే మాత్రం డాక్టరు మరికొన్ని ప్రశ్నలు అడుగుతాడు. ఇంట్లో ఎవరి చేతిలోనైనా దెబ్బ తగిలిందా అని ఆరా తీయడం ఆయన బాధ్యత. దానికి నొచ్చుకోకూడదు.

అసలు పనితనం చూడాలంటే తొడ ఎముక దగ్గరికి రావాలి. ఆరు నెలలు దాటి అయిదేళ్లలోపు పిల్లలకు తొడ ఎముక విరిగితే చాలావరకు ఆపరేషన్ ఉండదు. ఛాతీ కింది నుంచి విరిగిన కాలి చివరిదాకా, కొన్నిసార్లు రెండో తొడను కూడా కలుపుకుని, ఒకే కట్టు వేస్తారు. దాని పేరు హిప్ స్పైకా. ‘సిమెంటు కట్టు’ అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, నాకు తెలిసిన చేతిపనుల్లో ఇంత తక్కువ సమయంలో ఇన్ని నిర్ణయాలు తీసుకోవాల్సింది మరొకటి లేదు.

పిల్లవాడికి మత్తిచ్చి స్పైకా టేబుల్ మీద పడుకోబెడతారు. టేబుల్ అంటే నిజానికి ఒక చిన్న చట్రం. నడుము కింద సన్నటి ఆధారం, తొడల మధ్య ఒక నిలువు కడ్డీ, మిగతాదంతా గాలి. గాలిలో ఉంటేనే పట్టీ చుట్టూ తిరుగుతుంది. ఒంటికి మెత్తని గొట్టంలాంటి బట్ట తొడిగి, పొట్ట మీద ఆ బట్ట కిందే ఒక మడత టవల్ పెడతారు. కట్టు గట్టిపడ్డాక దాన్ని లాగేస్తారు. అన్నం తిన్నాక పొట్ట ఉబ్బడానికి, ఊపిరి నిండుగా తీసుకోవడానికి చోటు అలా మిగులుతుంది. టవల్ పెట్టడం మరిచిన కట్టు ఎంత నున్నగా ఉన్నా పనికిరాదు. తర్వాత దూది చుట్టలు. తుంటి ఎముక పొడుచుకొచ్చే చోట, మడమ దగ్గర, మోకాలి పక్కన నరం పైపైనే పోయే చోట దూది మందంగా పడాలి. తక్కినచోట పలచగా ఉండాలి. అంతటా మందంగా వేస్తే లోపల కాలు కదిలిపోతుంది.

ఆపైన తడిపట్టీ. 1851లో డచ్చి సైనిక వైద్యుడు అంటోనియస్ మాథైసెన్ గుడ్డపట్టీలకు ప్లాస్టర్ పొడి అద్ది వాడటం మొదలుపెట్టాడు. జిప్సాన్ని కాల్చితే అందులోని నీరు మూడొంతులు పోతుంది. తడిపితే ఆ నీటిని తిరిగి పీల్చుకుని వేడెక్కుతూ గట్టిపడుతుంది. మన ఫ్లాట్ల ఫాల్స్ సీలింగ్‌కు వాడే పిఓపి కూడా ఈ సరుకే. ఇప్పుడు తేలికైన ఫైబర్‌గ్లాస్ ఎక్కువగా వాడుతున్నారు. ఎక్స్‌రే తీస్తే దానిలోంచి ఎముక బాగా కనిపిస్తుంది. కానీ అరచేతి ఒత్తిడికి లొంగడంలో పాత ప్లాస్టర్‌కు సాటిలేదు. పట్టీని లాగి చుట్టకూడదు, దొర్లిస్తూ పోవాలి. గజ్జల మడత దగ్గర ఒక అదనపు పట్టీని మడతలుగా పేర్చి అతుకుతారు. అనుభవం లేని చేతి కట్టు మొదట విరిగేది అక్కడే. పట్టీ పచ్చిగా ఉండే ఆ కొద్ది నిమిషాల్లోనే తొడ బయటివైపు అరచేతిని అదిమి ఉంచాలి. తొడ కండరాలు ఎముకను బయటికి విల్లులా వంచుతాయి కాబట్టి. వేళ్లతో నొక్కితే గుంటలు పడి చర్మం పుండవుతుంది. అందుకని అరచేయే వాడాలి.

ఈ పనికీ పాఠాలు చేదుగానే అందాయి. ఒకప్పుడు ముందుగా మోకాలి కింద చిన్న కట్టు వేసి, దాన్ని పట్టుకుని కాలు లాగుతూ మిగతాది చుట్టేవారు. చూడటానికి చాలా సౌకర్యం. కానీ ఆ లాగుడంతా పిక్క వెనక పడుతుంది. కండరాలకు రక్తం అందక కాలు చచ్చుబడిన పిల్లల గురించి 2006లో స్కాట్ ముబారక్, సహచరులు రాశాక ఆ పద్ధతి మీద పెద్ద హెచ్చరికే వచ్చింది.

ఇంత శ్రద్ధగా వేసిన కట్టు లోపల ఎముక తిన్నగా ఉందా? చాలాసార్లు ఉండదు. ఎక్స్‌రే ఫోనులో చూసుకున్న తల్లిదండ్రులు హడలిపోయేది ఇక్కడే. రెండు ముక్కలు ఒకదాని పక్కన ఒకటి జరిగి, కాస్త వంగి కనిపిస్తాయి. లేజర్ గీత పెట్టి టవర్లు లేపే ఊళ్లో, చేసే ప్రతి పనికీ టెస్టింగ్ ఉండే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఇది నాసిరకం పనిలా తోస్తుంది. వెంటనే రెండో డాక్టరు, మూడో డాక్టరు. వాళ్ల ఆత్రం అర్థం చేసుకోదగ్గదే.

నిజానికి ఆ వంకరకు లెక్క ఉంది. రెండేళ్లలోపు పిల్లలకు తొడ ఎముక 30 డిగ్రీలు వంగినా ఒప్పుకుంటారు. రెండు నుంచి అయిదేళ్లవరకు పక్కలకు 15, ముందువెనకలకు 20. ముక్కలు ఒకదాని మీదొకటి ఎక్కి 2 సెంటీమీటర్లు పొట్టిగా అతికినా పరవాలేదు. పిల్లల ఎముక మీది పొర పెద్దవాళ్ల పొర కంటే మందం, బలం. ఎముక విరిగినా ఆ పొర ఒకవైపు తెగకుండా మిగిలి, రెండు ముక్కలనూ పట్టి ఉంచుతుంది. పచ్చి కొమ్మ విరిచినప్పుడు ఒకవైపు నార వేలాడుతుందే, అలా. ఆ పొర కిందే కొత్త ఎముక పుడుతుంది. మొదట నెత్తురుగడ్డ, తర్వాత కాలస్ అనే మెత్తటి అతుకు, తర్వాత గట్టి కాలస్. అప్పుడే పుట్టిన బిడ్డకు రెండు మూడు వారాల్లో అతుకు పడుతుంది, మూడేళ్లవాడికి నాలుగు నుంచి ఆరు వారాలు. పెద్దవాళ్లకు నెలలు పడుతుంది.

దిద్దుబాటు అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. బరువు పడే లోవంపు వైపు ఎముక పోగవుతుంది, బయటివైపు అరిగిపోతుంది. బరువును బట్టి ఎముక తన రూపు మార్చుకుంటుందని 1892లో యూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ వైద్యుడు చెప్పింది ఇదే. అంతకంటే ఎక్కువ పని ఎముక చివర్లలో ఉండి దాన్ని పొడవు పెంచే గ్రోత్ ప్లేట్లది. అవి ఒకవైపు ఎక్కువగా, ఒకవైపు తక్కువగా పెరిగి కీలును మళ్లీ దారిలో పెడతాయి. 

అయితే ఎముకకు చేతకాని పని ఒకటుంది, మెలిక. విరిగిన కింది ముక్క తన ఇరుసు మీద లోపలికో బయటికో తిరిగి అతికితే ఆ తప్పు పెద్దగా సర్దుకోదు, పాదం అలాగే తిరిగి ఉంటుంది. అందుకే కట్టు వేసేటప్పుడు నిపుణుడు ఎక్స్‌రే తెర కంటే మోకాలి చిప్పనూ పాదాన్నీ ఎక్కువసార్లు చూస్తాడు. రెండో కాలితో పోలుస్తాడు. ఎముకకు వదిలేయగలిగింది వదిలేసి, తాను చూసుకోవాల్సింది పట్టు విడవకుండా చూసుకోవడం: నా దృష్టిలో ఈ విద్య అంతా ఇందులోనే ఉంది. వారానికి తీసిన ఎక్స్‌రేలో వంపు లెక్క దాటితే కట్టంతా విప్పరు. వంపు దగ్గర అడ్డంగా ముప్పావు వంతు కోసి, సందు తెరిచి, చిన్న దిమ్మ ఇరికించి, పైన మళ్లీ పట్టీ చుడతారు. చిన్న మరమ్మతే, కానీ ఎక్కడ కోయాలో తెలియాలి.

తెలుగునాట కట్టు అనగానే పుత్తూరు గుర్తుకొస్తుంది. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలోని ఆ ఊరి పేరు బోర్డులు హైదరాబాదులోనూ ఎన్నో. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. పిల్లల ఎముకలు తమంతట తామే అతుక్కునే గుణం అక్కడి వైద్యులకు తరతరాలుగా తెలుసు. ఆ చూపును నేను తక్కువ చేయను. కానీ బద్ద బిగిసి వేళ్లు చల్లబడితే, నీలం పడితే, నొప్పి పెరుగుతూ పోతే గంటల్లో కట్టు విప్పాలి. ఈ మాట ప్లాస్టర్‌కూ వర్తిస్తుంది. ఇక ఎముకలు అతికిస్తుందని పేరున్న నల్లేరు తీగ సంగతి: 1960లలో బనారస్‌లో కె. ఎన్. ఉడుప, ప్రసాద్ అనే పరిశోధకులు దాన్ని జంతువుల మీద పరీక్షించి అతుకు త్వరపడుతుందని రాశారు. నల్లేరు పచ్చడి రుచికి ఢోకా లేదు, కానీ మూడేళ్లవాడి ఎముకకు తొందరపెట్టాల్సిన అవసరమే లేదు.

అయిదేళ్లు దాటాక తొడ ఎముక విరిగితే దారి వేరు. ఫ్రాన్సులోని నాన్సీ నగరంలో రూపొందిన వంగే టైటానియం కడ్డీలు రెండు, గ్రోత్ ప్లేట్లను తాకకుండా ఎముక లోపలికి పంపుతారు.

స్పైకా కట్టుతో ఇంట్లో ఉన్న రోజులు తల్లికి పరీక్ష. చిన్న డైపర్ కట్టు అంచు లోపలికి దూర్చి, దాని పైన పెద్దది కడితే గానీ ప్లాస్టర్ పొడిగా ఉండదు. కట్టు కోసే రంపం గోల పెడుతుంది గానీ చక్రంలా తిరగదు, అటూ ఇటూ అదురుతుందంతే. గట్టిదాన్ని కోస్తుంది, మెత్తటి చర్మం దానితో పాటు కదిలిపోతుంది. తర్వాత కొన్ని వారాలు పిల్లవాడు కుంటుతాడు. ఫిజియోథెరపీ సాధారణంగా అక్కర్లేదు, వాడే పాకి, పట్టుకుని నిలబడి, నడుస్తాడు. విరిగిన చోటికి రక్తం ఎక్కువగా పారడంతో ఆ కాలు తర్వాతి రెండేళ్లలో రెండోదానికంటే సుమారు ఒక సెంటీమీటరు అదనంగా పెరుగుతుంది. పొట్టిగా అతకనిచ్చింది ఈ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే. అందుకే పిల్లవాడు పరుగులు పెడుతున్నా, రెండేళ్లదాకా డాక్టరు పిలిచినప్పుడల్లా తీసుకెళ్లి రెండు కాళ్ల పొడవూ కొలిపించాలి.