రవీంద్ర సంగీతం: వినికిడి, స్వరలిపి

1919 ప్రారంభంలో రవీంద్రనాథ ఠాగూర్ మదనపల్లెలోని థియొసాఫికల్ కళాశాలలో కొద్దిరోజులు విశ్రాంతి తీసుకున్నారు. ఒక సాయంకాలం విద్యార్థుల సభలో ‘జనగణమన’ పాడి వినిపించారు. ఆ బాణీని ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ కజిన్స్ స్వరలిపిలోకి ఎక్కించారు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభలో మొదటిసారి వినబడిన పాట అది. దాని కర్త ఎదురుగానే ఉన్నారు. అయినా బాణీని కాగితం మీద పెట్టవలసి వచ్చినప్పుడు కలం పట్టినది మరొకరు. ఇది మదనపల్లెకే పరిమితమైన ముచ్చట కాదు. రెండు వేలకు పైబడిన రవీంద్ర గీతాలలో అధిక భాగం ఇలాగే ఇతరుల చేతిరాతలో మనకు దక్కింది.

జొరాసాంకో ఇంటిలో సంగీతానికి కొదవ లేదు. విష్ణు చక్రవర్తి, యదుభట్టు వంటి గాయకులు ఆ ఇంట బోధించారు. కాని బాల రవీంద్రుడు క్రమబద్ధమైన సాధనకు లొంగలేదు. పాఠం తప్పించుకుని, అప్పుడప్పుడు చెవిన పడినదాన్నే వంటబట్టించుకున్నట్లు ఆయన బాల్యస్మృతులే చెబుతున్నాయి. ఆ తరువాత అన్నగారు జ్యోతిరింద్రనాథ్ పియానో మీద కొత్త వరసలు వాయిస్తుంటే, అక్షయ చౌధురితో కలిసి వాటికి అప్పటికప్పుడు మాటలు కూర్చడం అలవాటైంది. మాటకు బాణీ కట్టడం కన్నా ముందు బాణీకి మాట కట్టడం నేర్చిన కవి ఆయన. ఇంగ్లండు నుంచి తిరిగి వచ్చాక 1881లో రచించిన ‘వాల్మీకి ప్రతిభ’లో ‘నాన్సీ లీ’ అనే ఆంగ్ల నావికుల పాట వరస, కాళికను కొలిచే దొంగల పాటగా మారింది. 1905లో ‘అమార్ సోనార్ బాంగ్లా’కు ఆధారమైనది తపాలా మోసే గగన్ హర్కరా పాడిన బావుల్ పదం. శాంతినికేతనంలో ఒక దక్షిణాది విద్యార్థిని పాడగా విన్న త్యాగరాజస్వామి తోడి కృతి ‘బృందావన లోల’ నుంచి ‘నీలాంజన ఛాయా’ పుట్టింది. మరొక తెలుగు కృతి ‘నీదు చరణములే’ నుంచి ‘బాజే కరుణ సురే’ వచ్చింది. నావికుల పాటకూ త్యాగరాజ కృతికీ ఆ చెవిలో ఒకే పంక్తిన పీట పడింది.

ఇటువంటి స్వరకర్తను శాస్త్రం తెలియనివాడని తేలికగా తీసివేయడం కద్దు. రాగాలను కలిపివేసిన స్వేచ్ఛకు అజ్ఞానమే కారణమన్న ఆక్షేపణ కూడా ఉంది. పాటల నిర్మాణం పరిశీలిస్తే ఆ ఆక్షేపణ నిలవదు. ధ్రుపదంలోని స్థాయి, అంతర, సంచారి, ఆభోగ అనే నాలుగు అంగాలు ఆయన పాటల్లో విరివిగా కనిపిస్తాయి. ఇతర లలిత గీతాలు సాధారణంగా విడిచిపెట్టే సంచారిని ఆయన పట్టుబట్టి నిలిపారు. భావం ఒక్క క్షణం దిగువ స్వరాలలోకి దిగి కొత్త తలుపు తెరిచేది అక్కడే. తాళాల సంగతి మరీ విశేషం. 2+4గా నడిచే షష్ఠి, 3+2గా నడిచే ఝంపకం, 3+2+3 రూపకడా, 3+2+2+2 నవతాళం, పదకొండు మాత్రల ఏకాదశి ఆయన కల్పనలు. తాళాన్ని ముందు గీసుకుని పదాన్ని అందులో ఇరికించిన జాడ వీటిలో లేదు. వంగ భాషా ఛందస్సు నడకనే చెవి లెక్కించింది. శాస్త్రం గ్రంథంలో ఉన్నా, చెవిలో ఉన్నా శాస్త్రమే. చెవిలో ఉన్నదాన్ని పాడించి పరీక్షించవలసి ఉంటుంది, అంతే తేడా.

అయితే ఈ పద్ధతికి మూల్యం ఉంది. రవీంద్రుడు తాను కట్టిన బాణీని తానే మరచిపోయేవారు. పాట పుట్టగానే పెద్దన్నగారి మనుమడు దినేంద్రనాథ్‌కు నేర్పి నిశ్చింతగా ఉండేవారు. ‘ఫాల్గుణి’ని అంకితమిస్తూ ఆయనను తన పాటలన్నిటికీ భండాగారికునిగా పేర్కొన్నది అందుకే. దినేంద్రనాథ్ 1935లో మరణించారు. ఇందిరాదేవి చౌధురాణి, శైలజారంజన్ మజుందార్ ప్రభృతులు కూడా ఎన్నో పాటలకు స్వరలిపి సమకూర్చారు. ‘స్వరవితానం’ సంపుటాలు ఈ శ్రమకు ఫలం. అయినా ‘గీతవితానం’లో మాటలు మిగిలి బాణీ దొరకని పాటలు ఉన్నాయి. పక్కన మరో చెవి లేకపోతే తొలి చెవి సృష్టి ఏమవుతుందో వాటిని చూస్తే తెలుస్తుంది.

విచిత్రమేమంటే, జ్ఞాపకానికి ఊతంగా రాసిన లిపి క్రమంగా పాటకు శాసనమైంది. 1960లలో విశ్వభారతి సంగీత మండలి దేవవ్రత విశ్వాస్ రికార్డులపై అభ్యంతరాలు లేవనెత్తింది. వాద్యాల మోత ఎక్కువైందన్నది అందులో ఒకటి. లక్షలాది శ్రోతలు ఆదరించిన ఆ గాయకుడు చివరకు రవీంద్ర గీతాల రికార్డింగే మానుకున్నారు. 1980లో మరణించారు. మండలి వాదనలో న్యాయం లేకపోలేదు. కాపలా లేని తోటలో పాట ఎవరి ఇష్టానికి వారిది అవుతుంది. తన బాణీలను గాయకులు మార్చడం రవీంద్రునికీ నచ్చలేదు. కాని ఆయన సమ్మతి తెలిపే గొంతు లిపిలో లేదు. గమకం, విరామం, పదాన్ని వాల్చే తీరు స్వరలిపికి పూర్తిగా అందవు. అందనిదాన్ని గాయకుడు పూరించక తప్పదు. ఎంత పూరించవచ్చునన్నదే వివాదం. దానికి తీర్పు చెప్పగల ప్రమాణం ఆ సంపుటాలలో దొరకదు.

తెలుగువారికి ఈ చిక్కు కొత్త కాదు. త్యాగరాజ కృతులు వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల ద్వారా మనకు చేరాయి. ఒకే కృతికి పాఠాంతరాలున్నాయి. పండితులు వాదించుకుంటారు, కచేరీలో ఎవరి పాఠం వారు పాడుతారు. రవీంద్ర గీతాలపై విశ్వభారతి హక్కు 2001 ముగింపుతో తీరిపోయింది. ఆ తరువాత వచ్చిన గాయకులు ఆ పాటలను కొత్త వాద్యాలతో, కొత్త నడకలతో పాడుతున్నారు. వాటిలో వినదగనివి చాలా ఉన్నాయి. నచ్చిన రెండో మూడో పాటలలో మాత్రం, గాయకుడు లిపిని చూసి కాక ఎవరో పాడగా విని నేర్చుకున్నాడని వెంటనే తెలిసిపోతుంది.