కంకి పాలలోనే ఉన్న మీగడ

అమెరికా దక్షిణ రాష్ట్రాల భోజనంలో ప్రధాన వంటకం పక్కన వడ్డించే అనుబంధ వంటకాలలో క్రీమ్డ్ కార్న్‌ది పెద్దపీట. లేత మొక్కజొన్న గింజలను వాటి పాలతోనే, కాస్త వెన్న వేసి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా ఉడికిస్తారు; వేపిన కోడిమాంసం పక్కనో, పొగబెట్టిన మాంసం పక్కనో గరిటెడు వడ్డిస్తారు. పళ్లెంలో దాని నిగారింపు చూసినవారు అందులో మీగడ ధారాళంగా పోశారనుకోవడం సహజమే గాని, చేయి తిరిగినవారు చేసిన వంటకంలో ఆ మీగడదనం చాలావరకు కంకి ఇచ్చినదే. పాతకాలపు దక్షిణాది ఇళ్లలో పాలచుక్క కూడా కలపకుండా, వెన్నో పందికొవ్వో వేసిన ఇనుప మూకుడులో దీన్ని చేసి ‘ఫ్రైడ్ కార్న్’ అని పిలిచిన వంటగత్తెలు ఎందరో ఉన్నారు. ఈ మూలసూత్రాన్ని గుర్తుంచుకున్నంతకాలం వంటకం మూకుడులో ఉడికినా, నేటి స్లో కుక్కర్‌లో ఉడికినా దాని గౌరవానికి లోటు రాదు. దాన్ని మరచిన మరుక్షణం ఎంత ఖరీదైన సరుకు పోసినా అది మొక్కజొన్న రుచి తగిలిన తెల్లని జావ మాత్రమే అవుతుంది.

మొక్కజొన్నను మానవజాతికి ఇచ్చినవారు అమెరికా ఖండపు ఆదివాసులు; పచ్చి గింజలను చిక్కుడు గింజలతో కలిపి ఉడికించడం, కంకిని గీకి పాలు తీయడం వారి నుంచే వలసదారులకు అబ్బింది. 1779లో ఇరోక్వా జాతుల మీద జరిగిన దండయాత్రలో ‘పపూన్’ అనే తీపి మొక్కజొన్న తెల్లవారి చేతికి చిక్కిందని ఒక కథ ప్రచారంలో ఉంది. దక్షిణాదిలో ఈ విద్యను కాపాడి, మెరుగుపెట్టి, పరాయి ఇళ్ల బల్లల మీద వడ్డించినవారు ఎక్కువగా నల్లజాతి స్త్రీలు. వారిలో ఎడ్నా లూయిస్ పేరును తలచుకోకుండా మొక్కజొన్న వంటల గురించి మాట్లాడడం న్యాయం కాదు. 1916లో వర్జీనియాలో, బానిసత్వం నుంచి విముక్తులైనవారు స్థాపించుకున్న ఫ్రీటౌన్ అనే పల్లెలో పుట్టిన ఆమె, కేకు కాలిందో లేదో అది చేసే చిన్న చప్పుడును చెవితో విని చెప్పగల పాకనిపుణురాలు. 1976లో వెలువడిన ఆమె గ్రంథం ‘ద టేస్ట్ ఆఫ్ కంట్రీ కుకింగ్’ వంటలను రుతువుల వారీగా పేర్చింది. ఏ కాయ ఏ వారంలో పక్వానికి వస్తుందో తెలియనివాడికి వంట రాదన్న పట్టుదల ఆ అమరికలోనే ఉంది, ఆ పట్టుదల మొక్కజొన్నకు వర్తించినంతగా మరే పంటకూ వర్తించదు. లూసియానాకు చెందిన పాల్ ప్రుధోమ్ మరో ఘనుడు. ‘మాక్ షూ’ అనే వంటకంలో గింజలు మూకుడు అడుగున అంటుకుని గోధుమరంగు పొర కట్టేదాకా కదపకుండా ఓపిక పట్టి, ఆ పొరను గీకి మళ్లీ అందులోనే కలిపి రుచి మీద రుచి పేర్చడం ఆయన చేతి మహిమ. ఆ మాడు రుచిని స్లో కుక్కర్ ఇవ్వలేదని ఒప్పుకోవలసిందే. అది ఇచ్చేది వేరొకటి.

ఈ వంటకానికి ప్రాణం కోతలో ఉంది. కంకి మీది ఆకుపొరలు ఒలిచి, తడిగుడ్డతో పైనుంచి కిందికి రుద్దితే పీచు తేలికగా ఊడివస్తుంది. తరువాత కంకిని వెడల్పాటి గిన్నెలో నిటారుగా నిలబెట్టి, పదునైన చాకుతో గింజల తలలను మాత్రమే, అంటే గింజ లోతులో మూడో వంతు మాత్రమే, పలుచగా చెక్కాలి. అదే వరుస మీద చాకును రెండోసారి దింపితే గింజ నడిమి భాగం వస్తుంది. మూడోసారి చాకును తిరగేసి, మొద్దు అంచుతో బెండును పైనుంచి కిందికి గట్టిగా నొక్కుతూ గీకాలి. గింజ అడుగున మిగిలిన గుజ్జు, మొలకభాగం, చిక్కని తెల్లని పాలు అప్పుడు గిన్నెలోకి జారతాయి, గట్టి పొట్టు బెండుకే అంటుకుని ఉండిపోతుంది. ఒకే వేటుతో గింజను మొదలంటా నరికేవారు పొట్టును గిన్నెలోకి తెచ్చుకుని పాలను బెండుకు వదిలేస్తున్నారు, అంటే కావలసినదాన్ని పారవేసి అక్కరలేనిదాన్ని వండుతున్నారు. చేయి తిరిగిన దక్షిణాది గృహిణి గీకిన బెండును చూస్తే దాని మీద ఒక్క పాలచుక్క మిగలదు. గిన్నెలో మూడు రకాల పదార్థం కనిపిస్తుంది: నమిలితే చిట్లే తలలు, మెత్తని ముక్కలు, వాటన్నిటినీ కలిపి పట్టే పాలు. ఆ మూడూ ఒకే చెంచాలో నోటికి అందడమే ఈ వంటకపు అందం, దాన్ని ఏ మిక్సీ కూడా తీసుకురాలేదు. పని త్వరగా సాగడానికి చెక్కపలక మీద పళ్లూ కత్తీ బిగించిన గీకుడు పలకలు కూడా అక్కడి ఇళ్లలో వాడుకలో ఉన్నాయి, అవి మెచ్చదగినవే.

ఈ పాలు చిక్కబడడానికి కారణం వాటిలోని పిండిపదార్థం. సుమారు 62 నుంచి 72 డిగ్రీల సెల్సియస్ మధ్య మొక్కజొన్న పిండి రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బి, చుట్టూ ఉన్న ద్రవాన్ని పట్టి ఉంచుతాయి. అయితే ఏ రకం కంకి అన్నది ఇక్కడ తేడా తెస్తుంది. పాత తీపి రకాలలో ‘షుగరీ’ అనే జన్యువులో వచ్చిన మార్పు వల్ల చక్కెర పిండిగా మారడం మందగించి, ఫైటోగ్లైకోజెన్ అనే నీటిలో కరిగే పిండిపదార్థం గింజలో నిండుతుంది. నాలుకకు తగిలే వెన్నలాంటి నునుపు దానిదే. 1902లో విత్తన విపణికి వచ్చిన పసుపుపచ్చని గోల్డెన్ బాంటమ్, గింజలు వరుసల్లో కాక అడ్డదిడ్డంగా పెరిగే కంట్రీ జెంటిల్మన్, నాథన్ స్టోవెల్ పేర నిలిచిన 19వ శతాబ్దపు స్టోవెల్స్ ఎవర్‌గ్రీన్ ఈ కోవకు చెందిన రత్నాలు. దక్షిణాదిలో ఇంకా పట్టుదల గలవారు తీపి రకాల జోలికే పోకుండా, హికరీ కింగ్ వంటి తెల్లని పొలం మొక్కజొన్నను గింజ పాలు పోసుకున్న దశలోనే కోసి గీకుతారు. దానిలో తీపి తక్కువైనా చిక్కదనంలో సాటి లేదు. పాత రకాలకు ఉన్న ఒకే ఒక్క కష్టం కోసిన తరువాత అవి నిలవకపోవడం: మామూలు వేడిమిలో ఒక్కరోజు ఉంటే చక్కెర దాదాపు సగం తరిగిపోతుంది. 1950ల్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ లాఫ్నన్ ‘ష్రంకెన్-2’ అనే జన్యువు గల రకాలను గుర్తించి, విపరీతమైన తీపి గల, చాలా రోజులు తీపి చెడని మొక్కజొన్నకు దారి తీశాడు. శాస్త్రంగా అది గొప్ప విజయమే. కాని ఆ గింజలో ఫైటోగ్లైకోజెన్ లేదు, పిండి కూడా స్వల్పం; గీకితే పాలకు బదులు తియ్యని నీళ్లు వస్తాయి. దుకాణాలన్నీ నేడు ఎక్కువగా ఈ కోవ రకాలతోనే నిండిపోవడం వల్ల, కంకి నుంచి మీగడ వస్తుందన్న మాటే ఒక తరానికి నమ్మశక్యం కాకుండా పోయింది.

స్లో కుక్కర్ సంగతికి వస్తే, అది లోహపు తొట్టి గోడల చుట్టూ విద్యుత్ తీగలు చుట్టి, లోపల పింగాణీ కుండను కూర్చిన సాధనం. మంట తగలదు, సెగ పక్కల నుంచి మెల్లగా పాకుతుంది. చికాగోకు చెందిన ఇర్వింగ్ నాక్సన్ దీనికి 1940లో పేటెంటు పొందాడు. లిథువేనియాలోని యూదులు సబ్బాతు దినం కోసం రాత్రంతా రొట్టెల పొయ్యిలో ఉంచే చోలెంట్ అనే వంటకం గురించి తల్లి చెప్పిన ముచ్చటే అతనికి ప్రేరణ అంటారు. 1971లో రైవల్ సంస్థ దీన్ని ‘క్రాక్ పాట్’ పేరుతో అమ్మకానికి పెట్టింది, 1975లో మేబుల్ హాఫ్‌మన్ రాసిన ‘క్రాకరీ కుకరీ’ లక్షల ప్రతులు అమ్ముడై ఇంటింటా దాన్ని నిలబెట్టింది. ఈ కుండను సోమరివాళ్ల పరికరమని చిన్నచూపు చూసే పాకశాస్త్రజ్ఞులు ఉన్నారు. మొక్కజొన్న విషయంలో వారి మాట చెల్లదు. మూకుడులో ఈ పిండిపాలు క్షణం ఏమరిస్తే అడుగంటుతాయి, కుండలో ఆ భయం లేదు. మూకుడులో ఆవిరి పోయి రసం ఇగిరిపోతుంది, మూతపెట్టిన కుండలో కంకి వాసన అంతా అందులోనే తిరుగుతుంది. అందుకే నీళ్లు గాని పాలు గాని మొదటే పోయడం ఇక్కడ పెద్ద తప్పు.

మూడు లీటర్ల కుండకు 12 కంకుల గుజ్జు సరిపోతుంది; కుండ సగానికి తగ్గకుండా, మూడింట రెండు వంతులకు మించకుండా నిండితేనే సెగ సమంగా అందుతుంది. లోపలి గోడలకు వెన్న రాసి, గుజ్జు, కంకి పాలు, 60 గ్రాముల వెన్న, కొద్దిగా ఉప్పు వేసి, గీకిన బెండులలో రెంటిని విరిచి పైన పెడితే మొదటి గంటలో వాటి సారం కూడా దిగుతుంది. మూత కింద పొడిగుడ్డ పరిస్తే, చెమర్చిన ఆవిరి తిరిగి కారి గుజ్జును పలుచన చేయదు. ‘లో’ మీద రెండు నుంచి రెండున్నర గంటలు చాలు. ‘హై’ అంటే ఎక్కువ వేడి, ‘లో’ అంటే తక్కువ వేడి అన్నది చాలామంది భ్రమ. చాలా కుక్కర్లలో రెండూ చివరకు మరుగు దాపుల్లోకే చేరతాయి, తేడా చేరే వేగంలోనే, ఈ వంటకానికి ఆ నిదానమే కావాలి. మూత తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి పావుగంట పైగా పడుతుంది గనుక, గంటన్నర దాటాక ఒక్కసారి, అదీ గోడల వెంట ఉన్నదాన్ని నడిమికి తెచ్చేట్లు కలిపితే చాలు. మీగడ వేయదలచినవారు 120 మిల్లీలీటర్లకు మించకుండా, చివరి అరగంటలో, కొవ్వు నిండుగా ఉన్న చిక్కని మీగడనే వేయాలి. కొవ్వు తక్కువైన పాలు ఎక్కువసేపు కాగితే విరిగి పలుకులు కడతాయి. మిరియాల పొడి దించే ముందే. నాలుగు గంటలు దాటనిస్తే పొట్టు బిరుసెక్కి, పాలలోని చక్కెర రంగు మారి, లేత కంకి పరిమళం చచ్చిపోతుంది. రోజంతా వదిలేసే కుండ గదా అని దీన్ని పొద్దున పెట్టి సాయంత్రం తీయడం మొక్కజొన్నకు చేసే ద్రోహం.

అసలు ద్రోహం మాత్రం వేరే చోట జరుగుతోంది. గడ్డకట్టిన విపరీతపు తీపి గింజలు దాదాపు కిలో, పావుకిలో క్రీమ్ చీజ్ దిమ్మ, నూరు గ్రాములు దాటిన వెన్న, గ్లాసెడు పాలు, పైగా చక్కెర కుండలో కుమ్మరించి, మీట నొక్కి, దాన్నే క్రీమ్డ్ కార్న్ అనడం నేడు మామూలైపోయింది. క్రీమ్ చీజ్ పులుపు గల జున్ను. అది కలిసినచోట ప్రతిదీ దాని రుచికే లొంగుతుంది, గింజలు అందులో ఊరికే తేలుతుంటాయి. తీపి గింజలకు మళ్లీ చక్కెర ఎందుకన్న ప్రశ్న కూడా ఎవరికీ తట్టకపోవడం విచారకరం. టెక్సాస్‌లో పొగబెట్టిన మాంసం వడ్డించే హోటళ్ల పేరుతో వ్యాపించిన ఈ పద్ధతి విందులో అందరికీ నచ్చుతుందన్నది నిజమే. కొవ్వు, తీపి, ఉప్పు కలిస్తే నచ్చనిదేముంది? నచ్చడం వేరు, మొక్కజొన్న రుచి తెలియడం వేరు. దానికన్నా పాత అనుకరణ డబ్బా సరుకు: క్రీమ్ స్టైల్ పేరుతో వచ్చే డబ్బాలలో మామూలుగా చిక్కదనం విడిగా కలిపిన పిండిది, తీపి విడిగా కలిపిన చక్కెరది. ఆ డబ్బా తెలుగువారికి కొత్తదేమీ కాదు. హైదరాబాదు, విజయవాడ హోటళ్లలో చైనా వంటల పట్టీలో ముందు వరుసన ఉండే స్వీట్ కార్న్ సూప్‌కు ఆధారంగా అది దశాబ్దాల నుంచి వాడుకలో ఉంది. అలాంటి సూప్ తాగి మొక్కజొన్న పాల రుచి ఇదేననుకున్నవారికి తెలంగాణ పల్లెల్లోని మక్క గారెలే సరైన సాక్ష్యం. లేత మక్కలను పచ్చిగానే రుబ్బి, వాటి పాలే పిండిని పట్టి ఉంచగా నూనెలో వేసే ఆ గారెలలోనూ, వర్జీనియా మూకుడులోనూ పనిచేసేది ఒకే గుణం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు థ్యాంక్స్‌గివింగ్ విందుకు కుండ పెట్టేటప్పుడు జున్ను దిమ్మను పక్కనపెట్టి చాకును తిరగేస్తే, ఆ దేశపు సంప్రదాయాన్నీ తమ సంప్రదాయాన్నీ ఒకేసారి గౌరవించినవారవుతారు. విత్తనాలు పెట్టేవారు, పెరడున్నవారు కంట్రీ జెంటిల్మన్‌నో, హికరీ కింగ్‌నో ఒక్క సాలైనా వేయాలి. వాటి విత్తనాలు ఇంకా దొరుకుతున్నాయి, అడిగేవారు తగ్గితే రేపు దొరకవు.

థ్యాంక్స్‌గివింగ్ విందు నవంబరు నాలుగో గురువారం వస్తుందని, అప్పుడు తాజా కంకి ఎక్కడిదని అడిగేవారికి దక్షిణాది గృహిణులు ఏనాడో సమాధానం చూపారు. జూలై, ఆగస్టు నెలల్లో ఉదయం కోసిన కంకులను ఆ పూటే గీకి, గుజ్జును వెడల్పాటి గిన్నెలో కొన్ని నిమిషాలు కలుపుతూ వేడిచేస్తే రుచిని చెడగొట్టే ఎంజైములు అణగిపోతాయి. వెంటనే గిన్నెను మంచునీళ్లలో ఉంచి చల్లార్చి, సంచుల్లో పలుచగా పరిచి, −18 డిగ్రీల వద్ద గడ్డకట్టిస్తే ఎనిమిది నెలల పైమాటే నిలుస్తుంది. టర్కీ కోడితో పొయ్యి నిండిపోయే ఆ రోజున స్లో కుక్కర్ విలువ మరింత తెలుస్తుంది. ముందురోజు రాత్రే సంచిని ఫ్రిజ్ అడుగు అరలోకి దించి పూర్తిగా కరగనివ్వాలి, ఎందుకంటే గడ్డను నేరుగా కుండలో వేస్తే అది 4 నుంచి 60 డిగ్రీల మధ్య, సూక్ష్మజీవులు పెరిగే వేడిమిలో, ఎక్కువసేపు నానుతుంది. భోజనానికి రెండున్నర గంటల ముందు వెన్న రాసిన కుండలోకి ఒంపి, మీట ‘లో’ మీదికి తిప్పి, మూత పెట్టాలి.