పడవలో పెరడు ఉండదు

2022 ఏప్రిల్‌లో మా తిరుపతికి సముద్రం వచ్చింది. కంగారు పడకండి, ఉప్పెన కాదు. జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు, సూళ్ళూరుపేట వైపు ఊళ్ళు మా జిల్లాలో కలిశాయి. వాటి వెంట కాస్త తీరమూ కలిసింది. అంతవరకూ మా చిత్తూరు జిల్లా వాళ్ళకు నీళ్ళమీద తేలేది అంటే తెప్ప ఒక్కటే. ఫాల్గుణంలో తిరుమల పుష్కరిణిలో అయిదు రోజులు తెప్పోత్సవం జరుగుతుంది. మొదటి రోజు సీతారాములు, రెండో రోజు రుక్మిణీకృష్ణులు, చివరి మూడు రోజులూ శ్రీదేవీ భూదేవులతో మలయప్పస్వామి. దంపతులు పడవెక్కి విహరించటం అంటే మాకు తెలిసింది అదే. దీపాలు, నాదస్వరం, చుట్టూ మెట్లనిండా జనం. ఆ తెప్పమీద అమ్మవారు వంట చెయ్యనక్కర్లేదు.

అందుకే కాబోలు, ఉద్యోగం చాలించుకుని, ఇల్లు అమ్ముకుని, తెరచాప పడవలో వేడి సముద్రాలమీద కాపురం పెట్టిన దంపతుల పుస్తకాలు చదవటం మొదలుపెట్టినప్పుడు నాకు ముందుగా తోచిన ప్రశ్న తుఫాను గురించి కాదు. ఆ పడవలో పొయ్యి ఎవరిది?

ఈ కోవ పుస్తకాలకు పెద్దదిక్కు ఎరిక్ హిస్కాక్ అనే ఇంగ్లీషాయన. భార్య సూసన్‌తో కలిసి 'వాండరర్ త్రీ' అనే 30 అడుగుల పడవలో 1952 నుంచి 1955 దాకా భూమి చుట్టి వచ్చాడు. తర్వాత ఒడ్డున ఇల్లు కూడా వదిలేసి పడవలోనే కాపురమున్నారు. ఎరిక్‌కు చూపు తక్కువ. చూపు తక్కువ మనిషి సముద్రాలు దాటాడంటే పక్కన ఎవరి కళ్ళు పనిచేశాయో ఊహించుకోవచ్చు. రచన శుభ్రంగా ఉంటుంది, ఒక్క మాట ఎక్కువుండదు. సూసన్ పనితనాన్ని ఆయన దాచలేదు, మెచ్చుకున్నాడు కూడా. కానీ చుక్కాని పట్టుకుని అర్ధరాత్రి కూర్చున్న ఆ ఇల్లాలికి ఏమనిపించిందో ఆమె నోటితో మనకు వినపడదు. తాడు గురించీ లంగరు గురించీ పేజీలకు పేజీలు చదివాక, ఆ మెట్లు దిగి ఒక్కసారి ఆవిడతో మాట్లాడి వద్దామా అనిపిస్తుంది.

ఆ మాట్లాడే అవకాశం లిన్ పార్డీ ఇచ్చింది. ఆమె, ఆమె భర్త లారీ, తాము కట్టుకున్న 'సెరాఫిన్' అనే పడవలో వయసులో ఉండగానే బయల్దేరారు. దాని పొడవు 24 అడుగుల పైచిలుకు, అంతే! అందులో ఇంజను లేదు, కిరోసిన్ దీపాలే వెలుగు. 1980లో వచ్చిన ఒక పుస్తకంలో ఆమె చేసిన పని నాకు చాలా నచ్చింది. జపాను నుంచి కెనడాకు 49 రోజుల ప్రయాణం. ఆ ప్రతిరోజూ ఏం వండిందో రాసింది. ఏ కూర ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది, గుడ్లు ఎట్లా దాచాలి, మంచినీళ్ళు ఎంత ఖర్చయ్యాయి అన్నీ లెక్కలే. 'ఇదీ ఒక సాహిత్యమేనా?' అని పెదవి విరిచేవాళ్ళుంటారు. నేను మాత్రం సాహిత్యమే అంటాను. అలమీద ఊగే పొయ్యి దగ్గర నిలబడి, మూత పడకుండా ఒక చేత్తో పట్టుకుని వండిన మనిషి చెపితేనే సముద్రం ఎంత పెద్దదో నాకు అర్థమైంది.

మా సీమ ఆడవాళ్ళకు సముద్రం తెలియకపోవచ్చు గానీ, నీళ్ళు కొలిచి వాడటం ఒకరు నేర్పనక్కర్లేదు. ఎండాకాలం ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసగా పెట్టి కూర్చున్నవాళ్ళం. బియ్యం కడిగిన నీళ్ళు పారబొయ్యకుండా చెట్టుకు పోసినవాళ్ళం. గిన్నెలు ఉప్పునీళ్ళతో తోమి, మంచినీళ్ళు తాగటానికి మాత్రమే దాచుకున్నారని చదివితే పరాయి దేశపు కథలా అనిపించలేదు.

ఇక మారిస్, మారలిన్ బెయిలీల పుస్తకం. ఇంగ్లండులో ఇల్లు అమ్మి పడవ కొనుక్కుని, న్యూజిలాండు పోయి స్థిరపడదామని 1972లో బయల్దేరారు. 1973 మార్చి 4న పసిఫిక్ సముద్రంలో ఒక తిమింగిలం ఢీకొని ఆ పడవ మునిగిపోయింది. గాలి ఊదిన రబ్బరు తెప్పలో 117 రోజులు! పిన్నీసు వంచి గాలం చేసుకున్నారు, తాబేళ్ళనూ చేపలనూ పచ్చిగానే తిన్నారు. ఓడలు కనపడ్డాయి, చూడకుండానే సాగిపోయాయి. చివరికి జూన్ 30న కొరియా చేపల ఓడ ఒకటి వీళ్ళను ఎక్కించుకుంది. ఈ కథను ఇద్దరూ చెరి కొన్ని అధ్యాయాలుగా రాశారు. ఆశ వదిలేసుకున్నది ఆయన. కాగితాలు చింపి పేకముక్కలు చేసి ఆడించింది, ఒడ్డుకు పోయాక ఏమేం వండుకుందామో జాబితాలు రాసింది ఆమె. అన్నట్టు మారలిన్‌కు ఈత రాదు.

ఈ పుస్తకాల్లో లోపాలు లేకపోలేదు. చాలావాటిలో రేవుల పేర్లు పంచాంగంలా సాగుతాయి. ఆ రేవుల్లో బతికే మనుషులు అరటిగెల అమ్మి పక్కకు తప్పుకుంటారు, అంతే. మొగుడూ పెళ్ళాల మధ్య వచ్చిన గొడవలు మర్యాద కోసం సగం మింగేస్తారు. 24 అడుగుల కొట్టులో ఏళ్ళ తరబడి ఉన్న ఇద్దరు మనుషులు ఒక్కనాడైనా ముఖాలు మాడ్చుకోలేదంటే ఎవరు నమ్ముతారు చెప్పండి?

మన దగ్గర ఇలాంటి రచన ఉందా అంటే, అందరికీ శ్రీరమణ గారి 'మిథునం' గుర్తొస్తుంది. 2012లో తనికెళ్ళ భరణి గారు సినిమాగా తీశారు, బాలసుబ్రహ్మణ్యం గారూ లక్ష్మి గారూ ఇద్దరే తెరనిండా ఉంటారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి, వాళ్ళ తిండి, వాళ్ళ పోట్లాటలు, వాళ్ళ పెరడు. ఆ పెరడే ఆ కథకు ఊపిరి. కోపం వస్తే చెట్లమధ్యకు పోవచ్చు, కూరగాయలు కోసుకుని కోపం తగ్గాక రావచ్చు. పడవలో పెరడు ఉండదు. మొహం తిప్పుకున్నా ఆ మనిషి పక్కనే. ఇంకో తేడా ఉంది. మిథునం కథ మనకు చెప్పేది ఆ ఇద్దరిలో ఒకరు కాదు, వాళ్ళను చూసి మురిసిన మూడోమనిషి. ఆ మురిపెం మనకూ అంటుకుంటుంది, కాదనను. నేను ఎన్నిసార్లు చదివానో. కానీ ఆ పిండివంటలన్నీ చేసిన రోజు రాత్రి బుచ్చిలక్ష్మి నడుము నొప్పి పెట్టిందా లేదా అన్నది తనే చెప్పుకుంటే వేరే కథ అయ్యుండేది.

మా వీధిలో ఒక హెడ్మాస్టరు గారు రిటైరయ్యారు. పూలదండ, శాలువా, ఉపన్యాసాలు అన్నీ అయ్యాయి. నెల తర్వాత ఆయన భార్య నాతో అంది: "ఆయనకి రిటైర్మెంటు వచ్చిందమ్మా, నాకు డబుల్ డ్యూటీ వచ్చింది. తొమ్మిదికి బడికి పోయే మనిషి ఇప్పుడు పొద్దుగూకులూ ఇంట్లోనే ఉండాడు." నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. ముప్ఫై ఏళ్ళుగా నవలలు చదువుతున్నాను, కొన్ని రాశాను కూడా. నాయికకు పెళ్ళి చెయ్యటం దాకా రాశాం, పెళ్ళి చెడటం దాకా రాశాం. అరవై దాటిన ఇల్లాలికి ఎవరూ పూలదండ వెయ్యని ఆ రోజు గురించి ఎందరం రాశాం?

మిథునంలో ముందు అప్పదాసు వెళ్ళిపోతాడు. తను ముందు పోతే ఈయన్ని ఎవరు చూసుకుంటారన్నది బుచ్చిలక్ష్మి బెంగ. సముద్రం మీద దంపతుల విషయంలోనూ ఈ లెక్క తప్పలేదు. ఎరిక్ 1986లో పోయాడు, సూసన్ మిగిలింది. లారీ 2020లో పోయాడు, లిన్ మిగిలింది. కానీ బెయిలీల ఇంట్లో 2002లో మారలినే ముందు పోయింది. 2024లో సోఫీ ఎల్మ్‌హర్స్ట్ అనే ఆమె ఆ దంపతుల కథను మళ్ళీ రాసింది. అందులో తుఫానులకన్నా, తిమింగిలంకన్నా నన్ను పట్టుకున్నది చివరి భాగం: మారిస్ ఒంటరి ఏళ్ళు. 117 రోజులు తనను బతికించిన మనిషి లేకుండా, గట్టి నేలమీద, తెప్పలో మిగిలిపోయినవాడిలా ఉన్నాడు. బుచ్చిలక్ష్మి భయపడింది దీనికే కదా అనిపించి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

సముద్రం మన ఆడవాళ్ళకు కొత్తేం కాదిప్పుడు. 2017, 2018లలో 'తారిణి' పడవలో భూమి చుట్టి వచ్చిన ఆరుగురు నావికాదళ అధికారిణుల్లో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. ఆ ఆరుగురూ వంతులవారీగానే చుక్కాని పట్టారు. చుక్కానికి వంతులున్నప్పుడు పొయ్యికి మాత్రం ఎందుకుండకూడదు?

హెడ్మాస్టరు గారి భార్యకు లిన్ పార్డీ కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అంత నడిసముద్రంలో ఆయన కాఫీ కలిపిచ్చేవాడా?" అని అడిగింది.

ఈ పుస్తకాలన్నిటినీ తూచటానికి ఇంతకన్నా మంచి తక్కెడ నాకు దొరకలేదు.