తుపాకీ గుంజుకున్నాక సిపాయి ఏమయ్యాడు?

ప్రతి సెప్టెంబర్ 17కీ మనకు ఒకటే లొల్లి. విమోచనా, విలీనమా, దురాక్రమణా? ఈ లొల్లికి ఆధారంగా చూపే పుస్తకాల్లో ఎక్కువ భాగం కుర్చీల్లో కూచున్నవాళ్లు రాసుకున్నవే. 1957లో రాసిన మున్షీ భారత ప్రభుత్వ ఏజెంటు జనరల్. 1962లో రాసిన లాయక్ అలీ నిజాం ప్రధానమంత్రి. జనరల్ చౌధురికి లొంగిపోయిన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ జ్ఞాపకాలు 1994లో అచ్చయ్యాయి. 2013లో నూరానీ ఈ కాగితాలన్నీ తిరగేసి తన పుస్తకం రాశాడు. సుందర్‌లాల్ కమిటీ చెప్పిన 27 వేల నుంచి 40 వేల చావుల లెక్క కూడా అందులో ఉంది. చచ్చినవాళ్లకు ఆలస్యంగానైనా ఒక లెక్క దొరికింది. బతికి, ఆయుధం అప్పగించి ఇంటికి నడిచిపోయిన సిపాయి మాత్రం ఏ పుస్తకంలోనూ లేడు. వాడికి ఆ రాత్రి నిద్ర పట్టిందా, ఆ తర్వాత ఇరవై ఏళ్లు పట్టిందా అని ఒక్కరూ అడగలేదు.

పాతబస్తీ దక్షిణాన చాంద్రాయణగుట్ట దాటితే బర్కస్. ఇంగ్లీషు 'బ్యారక్స్' మన నోళ్లలో బర్కస్ అయ్యింది. హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సక్రమేతర దళాల్లో కొలువు చేసిన అరబ్బుల బస్తీ అది. వాళ్లను మనం పిలిచే 'చావూష్' అన్న పేరు కూడా టర్కీ సైన్యంలో ఒక హోదా పేరే. ఊరి పేరు, మనిషి పేరు రెండూ సైన్యం పెట్టినవే. ఆ సైన్యం రద్దయితే ఏం మిగులుతుంది? కొలువు ఒక్కటే పోలేదు. 1949లో జాగీర్లు రద్దయి, కాపలా పనులు దొరికే దేవిడీలూ మూతబడ్డాయి. జాగీర్ల రద్దు మంచిపనే, అందులో మాకు రెండో మాట లేదు. అయితే అప్పటిదాకా తుపాకీ తప్ప వేరే విద్య నేర్వనివాణ్ని అది ఒక్కసారిగా బజార్లో నిలబెట్టింది. మీదినుంచి 'నువ్వు పరాయివాడివి, నీ దేశం పో' అన్నారు. అరబ్బులనూ పఠాన్లనూ నిర్బంధించి దేశం దాటించాలని చూసిన వైనాన్ని టేలర్ షెర్మన్ వివరంగా రాసింది. ఒమర్ ఖాలిదీ ఈ జనాల చరిత్రను ఎంతో శ్రమపడి పోగు చేశాడు. ఇద్దరి పనీ విలువైనదే. కాని ఇద్దరి ప్రశ్నా పౌరసత్వం దగ్గరే ఆగింది, మనసు దాకా రాలేదు.

ఇక పత్రికల సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్లకు బర్కస్ అంటే మర్ఫా, హరీస్, జామకాయ. మూసీ అవతల మాసబ్ ట్యాంక్ దగ్గరున్న ఏసీ గార్డ్స్ అంటే ఒక బస్‌స్టాపు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనీ, అక్కడి సిద్దీల తాతలు నిజాం అంగరక్షక దళమనీ ఎంతమందికి తెలుసు? పెళ్లిలో మర్ఫా కొట్టేవాడి తాళం అందరికీ ముద్దే. వాడి తాత ఎందుకు మాటాడటం మానేశాడన్నది ఎవడిక్కావాలి.

ఇక్కడ కొందరు మిత్రులు అడుగుతారు: వీళ్లు దళితులు కారు కదా, పైగా దొరల తరఫున బాకీలు వసూలు చేసిన అరబ్బుల దెబ్బలు తిన్నది మన తాతలే కదా? నిజమే. తెలంగాణ వాడల జ్ఞాపకంలో ఆ దెబ్బలున్నాయి, వాటిని తుడిచేయమని మేం అనటం లేదు. జబ్బుకు వైద్యం అడగటం నేరానికి మాఫీ అడగటం కాదు. ఇంకో మాట. అవసరమైనప్పుడు వాడుకుని తీరాక వదిలేయటం మనకు కొత్తా? మహార్ల భర్తీని 1892లో ఆపేశారు. 1943లో యుద్ధం కోసం పెట్టిన చమార్ రెజిమెంటును 1946లో రద్దు చేశారు. ఆ సిపాయిల నిద్రల గురించి రాసినవాళ్లూ లేరు.

అమెరికాలో ఏం జరిగిందో చూడండి. వియత్నాం సైనికుల మానసిక స్థితిపై అధ్యయనం చేయాలని 1983లో అక్కడి కాంగ్రెస్ ఆదేశించింది. యుద్ధగాయం తర్వాతి మానసిక ఒత్తిడి జబ్బు తెల్లవాళ్లలో 13.7 శాతం, నల్లవాళ్లలో 20.6, హిస్పానిక్‌లలో 27.9 శాతం ఉందని తేలింది. స్పానిష్ మాట్లాడే ఇళ్లనుంచి వచ్చిన ఈ పేద సిపాయిల బాధ, జాతులవారీగా లెక్కపెట్టారు గనకే కనబడింది. లెక్క రాగానే, 'వాళ్ల సంస్కృతిలోనే బాధను ఎక్కువ చేసి చెప్పుకోవటం ఉంది' అనే వాదన కూడా వచ్చింది. రోగిదే తప్పనే ఈ తెలివి మన డాక్టర్లకూ ఉంది, గూడెం నుంచి వచ్చినవాడికి వీళ్లేం చెబుతారో మనకు తెలుసు. అయినా అక్కడ వాదించుకోవటానికి ఒక అంకె ఉంది.

ఇక్కడ 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో తెలంగాణా లేదు, ఆంధ్రా లేదు. మాజీ సైనికుల ఆరోగ్య పథకం 2003లో వచ్చింది, అదీ యూనియన్ సైన్యం పెన్షన్ కాగితం ఉన్నవాళ్లకు. రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసినవాళ్లను 2019లో చేర్చారు. 1948లో ఇరవై ఏళ్లవాడికి 2019లో తొంభై ఒకటి!

కాగితం ఉన్నవాడికైనా దారి తేలిక కాదు. భర్తీనాడు జబ్బు నమోదు కాకపోతే అది కొలువులోనే వచ్చిందనుకోవాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో స్కిజోఫ్రీనియా దగ్గరికి వచ్చేసరికి, మనోవ్యాధి భర్తీనాటి పరీక్షలో బయటపడదు గనక ఆ ఊహ ఒక్కటే చాలదంది, పెన్షన్ నిరాకరించింది. కాలు పోతే కనబడుతుంది. దిమాగ్ పోతే రుజువు సిపాయే తేవాలి.

బర్కస్ నుంచి పహాడీ షరీఫ్ దర్గా దగ్గర. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి నగరం ఆ కొసన. జనం దర్గాకే పోతే మూఢనమ్మకం అంటాం. బస్సులు మారి ఎర్రగడ్డ చేరినవాడితో 'ఘబ్రాహట్', 'అసర్' అన్న మాటలు తెలిసి మాట్లాడే డాక్టరుండాలి కదా? తాత కొలువు పోయాక ఆ ఇంట్లో దెబ్బలు తిన్న నానీలు, దాదీలు ఆ మాటల్లోనే చెప్తారు. 1948లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. తండ్రి తుపాకీ లేకుండా ఇంటికొచ్చిన రోజు వాళ్లకు గుర్తుంటుంది. పీహెచ్‌డీకి అంశం దొరకలేదని తిరిగే విద్యార్థులు టేప్‌రికార్డరో ఫోనో పట్టుకుని ముందు వాళ్ల దగ్గరికి పోవాలి. ప్రశ్నలు దక్ఖనీలో రాసుకుని పోవాలి.