'నక్కో' అంటే ఎవరికి నవ్వు?

పాతబస్తీ మాట వింటే చాలు నవ్వొస్తుందనేవాళ్లు మనలోనూ ఉన్నారు. 'నక్కో', 'హౌ', 'కైకూ' - ఇందులో నవ్వేముంది? 'నక్కో' మరాఠీ నుంచి దక్కనీలోకి వచ్చిన మాట. లాడ్‌బజార్‌లో లక్కగాజులు అమ్మే మనిషి బేరం వద్దనాలన్నా, తల్లి పిల్లగాణ్ణి మందలించాలన్నా అదే మాట. పక్కన 'శుద్ధ' ఉర్దూను నిలబెట్టి కొలిస్తేనే అది వికటంగా వినిపిస్తుంది. తెలంగాణ యాసను తెలుగు సినిమా హాస్యగాడికీ రౌడీకీ అప్పగించింది ఈ కొలబద్దతోనే. మన వాడ భాషను బడిలో వెక్కిరించిందీ దీనితోనే.

1965 నాటి హిందీ సినిమా 'గుమ్‌నామ్' చూడండి. అందులో దక్కనీ మాట్లాడేదెవరు? బట్లర్ వేషం కట్టిన మెహమూద్. యాస, నలుపు, నౌకరీ మూడూ ఒకే ఒంటిమీద పేర్చారు. నల్లగా ఉంటే ఏమిటని ఆ పాత్ర పాటలో అడుగుతుంది. అది మన ప్రశ్నే. దాన్నీ హాస్యం కిందే అమ్మేశారు. (మెహమూద్ ప్రతిభను కాదనడం లేదు.)

నలభై ఏళ్ల తర్వాత కుంట నిఖిల్ తీసిన 'ది అంగ్రేజ్' ఈ లెక్కను సగం తిప్పింది. చార్మినార్ దగ్గర కూర్చున్న ఇస్మాయిల్ భాయ్ ముందు అమెరికా నుంచొచ్చినోడే పరాయివాడు, వాడే 'అంగ్రేజ్'. పాతబస్తీ జనం తమ భాషను తెరమీద విని తామే నవ్వుకున్నారు, బాగుంది. మరి ఆ గుంపు చేసే పనేంటి? కోతలు కోయడం, పగ తీర్చుకుంటామని తిరగడం. గాజుల కొలిమి దగ్గర వేళ్లు కాల్చుకునే పాతబస్తీ ఎక్కడ? శ్రమను తీసేస్తే మిగిలే సోమరి బొమ్మను చూసి హైటెక్ సిటీ కూడా హాయిగా నవ్వగలదు.

నవ్వాలంటే గుండె ఒక్క క్షణం మొద్దుబారాలన్నాడు ఫ్రెంచి తాత్వికుడు బెర్గ్‌సన్, 1900లో. ఎవరి గుండె? దళితుణ్ణి నలుగురి ఎదుట కావాలని అవమానించడం నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టం చెప్పింది. నిలదీస్తే ఇప్పటికీ వచ్చే జవాబు - "సరదాకన్నాం". మొద్దుబారే సౌకర్యం అన్నవాడిదే గాని పడినవాడిది కాదు గదా!

బెర్గ్‌సన్‌కు జవాబు దక్కనీలోనే ఉంది. పాత హైదరాబాద్ రాష్ట్రంలోని గుల్బర్గాకు చెందిన సులేమాన్ ఖతీబ్ కట్నం మీద రాసిన కవితలో ముందు పిల్లగాడి తల్లి గొంతెమ్మ కోరికలు ఏకరువు పెడుతుంది. సభ పగలబడి నవ్వుతుంది. తర్వాత పిల్ల తల్లి నోరు విప్పుతుంది, అదే యాసలో. అప్పుడెవరూ యాసకు నవ్వరు.