రంధ్రమా, తీగా?

ఐక్యూఐ (ఇమేజ్ క్వాలిటీ ఇండికేటర్) కనిపించని వెల్డ్ రేడియోగ్రఫీ ఫిల్మ్ చూసి ‘లోపం లేదు’ అని రాస్తే ఆ మాట చెల్లదు. ఫిల్మ్‌కి ఎంత సన్నని తేడా అందిందో చెప్పేది ఆ ఐక్యూఐనే. పాతవాళ్ళు పెనిట్రామీటర్ అంటారు. ఇందులో రెండు వంశాలున్నాయి: అమెరికాలో స్థిరపడ్డ రంధ్రాల రేకు, జర్మన్ ప్రమాణాల మీదుగా యూరప్ అంతా పాకిన తీగల వరుస. ఏఎస్ఎంఈ కోడ్ ఇప్పుడు రెండింటినీ ఒప్పుకుంటోంది.

రేకు లెక్క వినడానికి ముచ్చటగా ఉంటుంది. రేకు మందం టి అయితే, అందులో 1టి, 2టి, 4టి వ్యాసాలతో మూడు రంధ్రాలు. ‘2-2టి’ అంటే రేకు మందం లోహం మందంలో 2 శాతం, ఫిల్మ్‌లో కనిపించాల్సింది 2టి రంధ్రం. పలచని లోహం దగ్గరకొచ్చేసరికి ఈ లెక్క సడలిపోతుంది. 2టి రంధ్రానికి 0.020 అంగుళాల కనీస వ్యాసం పెట్టారు కాబట్టి, 0.005 అంగుళాల రేకులో 2టి అని పిలిచేది నిజానికి 4టి. పేరు మారలేదు, పరీక్ష తేలికైంది. పైగా రేకుని మామూలుగా వెల్డ్ పక్కన పెడతారు. వెల్డ్ ఉబ్బుకి సరిపడా షిమ్ దాని కింద వెయ్యకపోతే, అది చెప్పే సాక్ష్యం పక్క ప్లేటుదే, వెల్డ్‌ది కాదు.

తీగని వెల్డ్ మీదే అడ్డంగా పరుస్తారు. నా మొగ్గు తీగ వైపు ఉండడానికి ఇదే కారణం. అయితే సన్నని చుక్క కన్నా సన్నని గీతని కన్ను తేలిగ్గా పట్టేస్తుంది. అందుకే తీగ ఇంకా సన్నగా ఉండాలి. అంగుళం మందం ఉక్కుకి, కిరణ మూలం వైపు పెట్టినప్పుడు, ఏఎస్ఎంఈ పట్టిక 0.025 అంగుళాల రేకులో 0.050 అంగుళాల రంధ్రం అడుగుతుంది, లేదా 0.020 అంగుళాల తీగ. ఈ రెండూ సమానమన్నది సూత్రం కట్టి తేల్చిన మాట.

తీగల్లో అసలు చిక్కు అంకెలది. ఏఎస్‌టీఎంలో అంకె పెరిగితే తీగ లావవుతుంది, ఐఎస్ఓలో సన్నబడుతుంది. ఏఎస్‌టీఎం 6వ తీగ 0.25 మిల్లీమీటర్లు; ఐఎస్ఓ డబ్ల్యూ6 ఏకంగా 1 మిల్లీమీటరు. అంగుళాల కోడ్‌తో మిల్లీమీటర్ల షాపు చేసే సంసారంలో ఇది చిన్న పొరపాటు కాదు.

పగుళ్ళ విషయంలో మాత్రం రెండూ ఒకటే. కిరణానికి వాలుగా ఉన్న సన్నని పగులు ఫిల్మ్‌లో పడకపోవచ్చు, ఐక్యూఐ ఎంత చక్కగా కనిపించినా. 2 శాతం సెన్సిటివిటీ అంటే 2 శాతం లోతున్న పగులు దొరుకుతుందని కాదు.

వెల్డ్‌కైతే తీగ, మందాలు మారే కాస్టింగ్‌కి రేకు: ఇది నా తీర్పు. రిపోర్టులో మాత్రం వట్టి తీగ నంబరు రాసి ఊరుకోకండి. ప్రమాణం పేరు, తీగ వ్యాసం కూడా రాయండి.